గేటు నుంచి హైవే దాకా: బరంపురంలో జాగ్వార్ ఎఫ్-టైప్‌తో గడిపిన కాలం

మా ఇంటి గేటు నుంచి 16వ నంబరు జాతీయ రహదారికి నాలుగు కిలోమీటర్లు. ఆ దారిలో పదకొండు స్పీడ్ బ్రేకర్లున్నాయి. 2023లో నేలకు బాగా దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఎఫ్-టైప్ కొనేదాకా వాటిని నేనెన్నడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు వాటిలో ఏది ఎంత ఎత్తో, దేనిని నేరుగా దాటవచ్చో, దేని మీద బండిని ఏటవాలుగా తిప్పి ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో ఉంటూ ఇలాంటి కారు మీద మనసు పడ్డవారు షోరూముకు వెళ్లేముందు తమ గేటు నుంచి హైవే దాకా ఒకసారి నడిచి చూసుకోవాలి.

నేను కొన్నది 2014 నాటి వీ6 ఎస్ (ఆరు సిలిండర్ల రకం), టాపు తెరుచుకునే కన్వర్టిబుల్, సెకండ్ హ్యాండ్. ఈ మోడల్ 2013లో మన దేశానికి వచ్చినప్పుడు దీని షోరూము ధర 1.37 కోట్ల రూపాయలు. పూర్తిగా ఇంగ్లండులోనే తయారై ఓడెక్కి వచ్చిన బండి కనుకనూ, ఆ ఏడాది బడ్జెట్టులోనే ఖరీదైన విదేశీ కార్ల మీద దిగుమతి సుంకాన్ని 75 నుంచి 100 శాతానికి పెంచారు కనుకనూ అందులో పెద్ద వాటా పన్నులదే. పదేళ్ల తర్వాత నాకది అందులో సగానికన్నా తక్కువకే దొరికింది. బట్టల వ్యాపారం చేసే మాబోటివాళ్లకు పాత సరుకును తక్కువగా చూడటం అలవాటే గాని, ఈ ఒక్క విషయంలో మాత్రం పాతదే కొనమని నిస్సంకోచంగా చెబుతాను. అందుకు ధర ఒక్కటే కారణం కాదు. 2016 మోడల్ నుంచి ఈ కారుకు ఎలక్ట్రిక్ స్టీరింగు వచ్చింది. అంతకు ముందువాటికి ఉన్నది నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగు. తప్తపాణి ఘాటు రోడ్డు మలుపుల్లో ముందు చక్రాల కింద గరుకు తారు ఉందో, కొండవాగు తెచ్చి పోసిన సన్నని ఇసుక ఉందో ఆ పాత స్టీరింగు అరచేతులకు తెలియజేస్తుంది. కొత్తది తేలికగా తిరుగుతుంది, చెప్పేది మాత్రం తక్కువ.

ఇంట్లో వచ్చిన మొదటి అభ్యంతరం స్టీరింగు గురించి కాదు, సీట్ల గురించి. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మా అమ్మ, "ఇన్ని లక్షలు పోసి ఇద్దరికేటిరా? మిగతావోళ్లం నడిచొచ్చేయాలా?" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. వెనక డిక్కీ దాదాపు 200 లీటర్లే. పెద్ద సూట్‌కేసు ఒక్కటి పెట్టబోయినా మూత పడదు. ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లేటప్పుడు చీరల పెట్టెలన్నీ మా తమ్ముడి బండిలోనే వెళతాయి.

ఇక ఆనందం సంగతి. స్టార్ట్ బటన్ నొక్కగానే ఇంజను ఒక్కసారి గర్జించి సర్దుకుంటుంది. ఏసీ వేసినప్పుడు డాష్‌బోర్డు మధ్యలో నుంచి గాలి గూళ్లు నెమ్మదిగా పైకి లేస్తాయి. తలుపు పిడులు కూడా తాళం తీసినప్పుడే బయటికి వస్తాయి, మిగతా వేళ తలుపు రేకులో కలిసిపోయి ఉంటాయి. ఈ హంగులకు పిల్లలు మురిసిపోతారు, నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను, కాని ఒక నెలకు అవి అలవాటైపోతాయి. అలవాటు కానిది ఇంజను. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 380 హార్స్‌పవర్, దాని నెత్తిన గాలిని ఒత్తి లోపలికి పంపే సూపర్‌ఛార్జర్. టర్బో అయితే పొగ గొట్టంలోంచి పోయే గాలితో తిరుగుతుంది కనుక కాలు నొక్కిన తర్వాత ఒక క్షణం ఆగి అందుకుంటుంది. సూపర్‌ఛార్జర్‌ను ఇంజనే బెల్టుతో తిప్పుతుంది కనుక ఆ ఆలస్యం కనిపించదు. దీని ఇంజను దిమ్మ ఎనిమిది సిలిండర్ల పెద్దన్నదే. అందులో రెండింటిని తీసేసి దీన్ని చేశారు. వీ8 చప్పుడు లోతుగా ఉరుముతుందంటారు. దీనిది సన్నాయిలా కాస్త ఎగువ స్థాయిలో సాగే గొంతు, నాకు ఇదే నచ్చింది. మూడు వేల ఆర్‌పీఎం దాటాక సైలెన్సరులోని కవాటాలు తెరుచుకుంటాయి. ఆ సమయంలో కాలు తీస్తే వెనక గొట్టాల్లో దీపావళి సీమటపాకాయలు పేలినట్టు చిటపటలు వినిపిస్తాయి. మా వీధిలో తెల్లవారుజామున ఆ పని చేయకూడదని మొదటి వారంలోనే తెలిసివచ్చింది.

కంపెనీ లెక్క ప్రకారం ఇది 4.9 సెకన్లలో వంద వేగాన్ని అందుకుంటుంది, గరిష్ఠ వేగం గంటకు 275 కిలోమీటర్లు. ఆ రెండో అంకెతో మనకు పనిలేదు, నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు చట్టం అనుమతించేది వందే. అయితే వెనక దాగి ఉండే స్పాయిలర్ అనే రెక్క గంటకు 96 కిలోమీటర్ల దగ్గర తనంతట తానే లేస్తుంది. అంటే హద్దు మీరకుండానే దాని రెక్క విప్పే ముచ్చట తీరుతుందన్నమాట. రూపకర్త ఇయాన్ కాలమ్ మన చట్టాన్ని చూసి గీయలేదు గాని లెక్క మాత్రం బాగా కుదిరింది.

నాకు ఈ బండి పెట్టిన డబ్బంతా తిరిగి ఇచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆదివారం ఉదయాల్లో. ఐదున్నరకు బయలుదేరి, పదకొండు స్పీడ్ బ్రేకర్లనూ ఓపికగా దాటి, ఛత్రపూర్ మీదుగా రంభా చేరేసరికి కుడివైపున చిలికా కనిపించడం మొదలవుతుంది. గుడ్డ టాపు పన్నెండు సెకన్లలో మడతపడి వెనక్కి వెళుతుంది, యాభై వేగం లోపల ఉంటే బండి ఆపనక్కరలేదు. ఒకవైపు కొండలు, మరోవైపు మంచు కింద సరస్సు, నెత్తిమీద వట్టి ఆకాశం. బాలుగావ్ దగ్గర పడేసరికి చేపల బజారు వాసన బండిలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లండువాళ్ల తోలు సీట్లకు ఆ వాసన రెండు రోజులు వదలదు. ఏప్రిల్ వస్తే మాత్రం ఈ టాపు తెరిచే మాటే లేదు. ఎండ మాడ్చేస్తుంది, గోపాలపూర్ వైపు వెళితే ఉప్పుగాలి వేరే. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింది భాగం కూడా కడిగించడం నేను నియమంగా పెట్టుకున్నాను.

కొనుగోలులో నేను పడ్డ దెబ్బ గురించి చెప్పాలి. హైదరాబాదులో బండి అమ్మిన డీలరు టైర్లు కొత్తవని చూపించాడు, గాళ్లు లోతుగానే ఉన్నాయి, నేను నమ్మాను. జూలైలో మొదటి వానకు ఛత్రపూర్ దాటాక, ఎక్కువ వేగమేమీ లేకుండానే, వెనక భాగం ఒక్క క్షణం పక్కకు జారి మళ్లీ నిలబడింది. మా ఊళ్లో పంక్చర్లు వేసే ఒడియా మిత్రుడు, తెలుగు మనకన్నా చక్కగా మాట్లాడతాడు, వంగి టైరు పక్కన ఉన్న నాలుగంకెలను గోటితో తుడిచి చూపించాడు: 2316. అంటే 2016వ సంవత్సరం, 23వ వారంలో తయారైనవి. తిరగని బండి కనుక గాళ్లు అరగలేదు, ఏడేళ్ల ఎండకు రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడింది. ముందువి 245, వెనకవి 275 వెడల్పు కనుక వాటిని ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు. నా బండిలో స్టెప్నీ కూడా లేదు. గాలి కొట్టే యంత్రం, జిగురు సీసా మాత్రమే ఉన్నాయి. బరంపురంలో ఆ సైజు నిల్వ ఉండదు, ముందుగా ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి.

ఇంజనును చల్లబరిచే కూలెంట్ ద్రవం పారే గొట్టాల విషయం కూడా చూసుకోవాలి. ఈ ఇంజనులో కొన్ని ప్లాస్టిక్‌వి, ప్లాస్టిక్ ఏ బండిలోనైనా ఏళ్ల వేడికి పెళుసుబారుతుంది. కారక ముందే నేను మార్పించేశాను. కంపెనీ సర్వీసు మా ఊళ్లో లేదు. భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖపట్నం 270 దాకా ఉంటుంది, ఇంజను వేడెక్కిన బండిని అంతదూరం లారీ మీద పంపడం కన్నా ముందు జాగ్రత్తే చవక. రాష్ట్రం మారిన బండి కనుక పాత ఆర్టీవో నుంచి 28వ ఫారంలో నిరభ్యంతర పత్రం, ఇక్కడ కొత్త నంబరుకు 27వ ఫారం, యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు, ఒడిశా రోడ్డు పన్ను అన్నీ పూర్తయ్యాక నాకు ఓడీ 07 ప్లేటు వచ్చింది. కాగితాలకు కనీసం రెండు నెలలు వేరుగా పెట్టుకోండి.

ఈ మోడల్ తయారీ 2024లో ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు కట్టిన కాసిల్ బ్రోమ్‌విచ్ కర్మాగారంలోనే ఈ కారునూ చేశారు. 2008లో జాగ్వార్ సంస్థను మన టాటాలు కొన్నారన్న మాట మా మావయ్య వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు, అప్పుడు మా ఇంట్లో ఖర్చు సంగతి కాసేపు మరుగున పడుతుంది. ఇకపై దొరికేవన్నీ పాతవే కనుక, వీ8 కోసం ఎదురుచూడకుండా బాగా చూసుకున్న వీ6 ఎస్ దొరికితే తీసుకోమని నా సలహా. మన రోడ్ల మీద ఆ అదనపు బలాన్ని వాడే చోటు లేదు. వెనక టైర్లు మాత్రం నాకు సంక్రాంతిలోగా మళ్లీ మార్చాలి. నిన్ననే ఆర్డరు పెట్టాను.