రిజర్వేషన్లపై రికార్డెడ్ కోర్సు: బ్రెజిల్ క్లాసు కోసమైనా తీసుకోవచ్చు

గ్రూప్-1 మెయిన్స్‌కి చదివేవాళ్ల కోసం అశోక్‌నగర్‌లోని ఓ కోచింగ్ సెంటర్ పెట్టిన కోర్సు ఇది. ఉన్నత విద్యలో రిజర్వేషన్లు ఇండియా, అమెరికా, బ్రెజిల్, మలేషియాల్లో ఎలా ఉన్నాయో పోల్చి చెబుతుంది. ఫీజు 799. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఈ టాపిక్ తెలుగులో ఇంత వివరంగా ఇంకెక్కడా దొరకలేదు.

కట్టిన డబ్బులు బ్రెజిల్ క్లాసుతోనే వసూలయ్యాయి. సార్ బోర్డు మీద వంద సీట్లు గీసి పంచి చూపిస్తారు. 2012 చట్టం ప్రకారం ఫెడరల్ యూనివర్సిటీల్లో 50 సీట్లు ప్రభుత్వ బడుల్లో హైస్కూలు చదివినవాళ్లవి. అందులో సగం తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి. ఆ రెండు సగాల్లోనూ నల్లజాతి, మిశ్రమజాతి, ఆదివాసీ విద్యార్థుల వాటా ఆ రాష్ట్ర జనాభాని బట్టి ఉంటుంది. 2023 సవరణ తర్వాత అందరినీ ముందు జనరల్‌లో చూసి, అక్కడ రానివాళ్లకే కోటా వర్తింపజేస్తున్నారు. మన దగ్గర మంచి ర్యాంకు తెచ్చుకున్న బీసీ పిల్లని ఓపెన్‌లో లెక్కేసినట్టే.

అమెరికా క్లాసూ బాగుంది. 1978 బక్కీ కేసులో కోటాలు కుదరవన్న సుప్రీంకోర్టు, జాతిని ఒక అంశంగా చూడొచ్చంది. 2023లో హార్వర్డ్ కేసులో దాన్నీ కాదంది. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యం జోలికి మాత్రం ఆ తీర్పు పోలేదని సార్ గట్టిగా చెప్పారు, నాకది నచ్చింది. మలేషియాని హడావిడిగా కానిచ్చేశారు.

అసంతృప్తంతా ఇండియా క్లాసు మీదే. కులాన్ని బట్టి కాలేజీ సీట్లు పంచే మద్రాసు పద్ధతిని సుప్రీంకోర్టు కొట్టేసిన 1951 చంపకం దొరైరాజన్ కేసు, ఆ తర్వాత రిజర్వేషన్లకి దారిచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ, 2006 చట్టంతో కేంద్ర సంస్థల్లో ఓబీసీలకి 27 శాతం, అక్కడితో ఆపేశారు. మన బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపుల ఊసే లేదు. ఎస్సీలని ఉపవర్గాలుగా విడగొట్టొచ్చన్న 2024 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తెలంగాణ 2025లో ఎస్సీలని మూడు గ్రూపులు చేసింది, అదీ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాటే ఎత్తలేదు. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది నేనొక్కదాన్నే. బీసీ-ఏలో సీటొచ్చినా, ప్రభుత్వం ఫీజు కట్టకపోతే, సంక్షేమ హాస్టల్లో చోటు దొరక్కపోతే మొదటి ఏడాదే మానేసేదాన్ని. సీటొచ్చాక పిల్లలు ఎలా నెట్టుకొస్తారో ఏ దేశం క్లాసులోనూ చెప్పలేదు. ఇంకో క్లాసు దానికోసమే పెట్టాలి.

నోట్సులో బ్రెజిల్ ఆదాయ పరిమితి పాతదే ఉంది: తలసరి ఒకటిన్నర కనీస వేతనం. 2023లో దాన్ని ఒక కనీస వేతనానికి తగ్గించారు. కొన్నవాళ్లు దిద్దుకోండి.