బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఇనుపదా, ప్లాస్టిక్‌దా?

వానాకాలం వచ్చి బాత్రూమ్ గోడలకు బూజు పట్టగానే తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇనుపది కొనాలా, ప్లాస్టిక్‌దా? పోయిన నెలే మా ఇంట్లో పాతది తీయించి కొత్తది పెట్టించాను, నా లెక్క చెబుతాను.

గాలి లాగడంలో ఇనుపదే గట్టిది. కానీ అంత గాలితో ఇక్కడ పనేముంది? 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో పట్టేది సుమారు 9 ఘనపు మీటర్ల గాలి. గంటకు పదిసార్లు అది మారాలన్నా 90 ఘనపు మీటర్లు చాలు. మామూలు 6 అంగుళాల ప్లాస్టిక్ ఫ్యాన్ అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఇనుపదాన్ని వంటింటికి ఉంచండి, జిడ్డుకీ వేడికీ అదే తట్టుకుంటుంది.

నేను మాత్రం తేల్చుకున్నది కరెంటు చూసి. మా అత్తగారింట్లో ఇనుప ఫ్యాన్‌కి ఎలక్ట్రీషియన్ రెండు తీగల వైరే లాగి, ఎర్త్ వదిలేశాడు. రెండేళ్లకు తేమ లోపలికి చేరింది. ఆవిడ తడిగుడ్డతో ఫ్రేము తుడవబోతే షాక్ కొట్టింది. స్విచ్ ఆపే ఉంది! చూస్తే స్విచ్‌ని కరెంటు వచ్చే ఫేజ్ తీగకి కాకుండా, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకి కలిపాడు. ఫ్యాన్ ఆగింది గానీ అందులో కరెంటు ఆగలేదు.

ప్లాస్టిక్ బాడీ అయితే చేతికి తగిలేచోట లోహం ఉండదు. లేబుల్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్ అని అర్థం, దానికి ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేకపోతే ఇనుపదైనా ప్లాస్టిక్‌దైనా మూడు తీగల వైరే వేయించండి. షవర్‌కి దగ్గరైతే ఐపీఎక్స్4 అని రాసి ఉన్నదే తీసుకోండి, నీళ్లు చిందినా తట్టుకుంటుంది.

ఏది కొన్నా స్విచ్ బాత్రూమ్ బయటే ఉండాలి. వైరు అతుకులు వెంటిలేటర్‌లో టేపు చుట్టి వదిలేయకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టించాలి. పని మొదలుపెట్టేముందు మెయిన్ ఆపించండి. ఇంటికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఫ్యాన్ కన్నా ముందు అది పెట్టించండి. ఎంసీబీ ఉందిగా అంటారు చాలామంది. అది వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషికి షాక్ కొడితే కరెంటు ఆపదు.

బయటి గోడ లేని బాత్రూమ్‌కి ఫాల్స్ సీలింగ్ పైన పైపుతో పెట్టే ఇన్‌లైన్ ఫ్యాన్ ఒక దారి. ఖర్చెక్కువ, అంతే.

తలుపు కింద అరంగుళం సందైనా వదలండి, గాలి లోపలికి రాకపోతే ఫ్యాన్ తిరిగినా లాగేదేమీ ఉండదు. లోపల గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం ఫ్యాన్ ఉందిలే అని ధైర్యపడొద్దు. కిటికీ, తలుపు మూసి ఉంటే ఫ్యాన్ లాగుడుకి గీజర్ పొగ గొట్టంలోంచి పోకుండా లోపలికే తిరిగి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. ముందు ఆ గీజర్‌ని బయటికి మార్పించండి.