కోచే కో-డ్రైవర్ అయితే: ఈ సర్వీసుకు పెట్టే డబ్బు దేనికి పోతుంది?

ప్రాక్టీసులో పక్కన ఉండి నేర్పిన ప్రొఫెషనలే రేసులో అదే కారు పంచుకుని నడపడం. ఔత్సాహిక స్పోర్ట్స్ కార్ రేసర్లకు దొరికే ఖరీదైన సర్వీసుల్లో ఇదొకటి. సరిగ్గా వాడుకుంటే ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు. అయితే చాలామంది దీన్ని తప్పు కారణానికి కొంటున్నారు. కోచ్ వేగాన్ని చూసి డబ్బు కడుతున్నారు కానీ, రేసు తేలేది ఔత్సాహికుడి స్టింట్‌లోనే, అంటే కారు అతని చేతిలో ఉండే వంతులోనే.

రూల్సు కూడా అలాగే ఉన్నాయి. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు గ్రేడ్లు చేస్తుంది. బ్రాంజ్ అంటే ఔత్సాహికుల గ్రేడ్. 2024లో వరల్డ్ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లోకి వచ్చిన ఎల్‌ఎంజీటీ3 క్లాసులో ప్రతి కారుకూ ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలి. ప్రొలు (ప్రొఫెషనల్ డ్రైవర్లు) ఒకరికొకరు పదో వంతు సెకన్ల దూరంలో ఉంటారు, బ్రాంజ్‌ల మధ్య తేడా సెకన్లలో ఉంటుంది. బ్రాంజ్ డ్రైవర్ బెన్ కీటింగ్ లె మాన్ 24 గంటల రేసులో ఔత్సాహికులుండే జీటీఈ ఆమ్ క్లాసును 2022లోనూ 2023లోనూ గెలిచాడు. ఆ రెండేళ్లూ కారు వేరు, పక్క డ్రైవర్లు వేరు, మారనిది అతనొక్కడే.

ఈ సర్వీసులో అసలు సరుకు రిఫరెన్స్ ల్యాప్. మీరు దిగిన వెంటనే మీ కారులోనే, అవే టైర్ల మీద, అంతే పెట్రోలుతో కోచ్ తిప్పే మూడు నాలుగు ల్యాపులు. కొత్త టైర్లతో, ఖాళీ ట్యాంకుతో తిప్పి, ‘ఇదిగో, మీకంటే రెండు సెకన్లు ముందు’ అని చూపిస్తే దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. పెట్రోలు లీటరు సుమారు ముప్పావు కిలో. ట్యాంకులో 60 లీటర్లు తక్కువుంటే కారు 45 కిలోలు తేలికైనట్టే. వేడి మీద టైర్ ప్రెషర్లు ఎంతున్నాయో రెండు రన్‌లకూ రాసి ఇవ్వని కోచ్‌ను అక్కడే నిలదీయాలి.

ఆ తర్వాత మీ ల్యాప్, కోచ్ ల్యాప్ రెండింటి డేటాలో బ్రేక్ ప్రెషర్ గీతలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ప్రొ గీత తొక్కగానే నిటారుగా లేస్తుంది. శిఖరాన్ని తాకాక స్టీరింగ్ తిరిగే కొద్దీ నున్నగా వాలుతూ ఏపెక్స్ (కార్నర్ లోపలి అంచుకు కారు అతి దగ్గరగా వచ్చే చోటు) దగ్గరికి వచ్చేసరికి సున్నా అవుతుంది. ఔత్సాహికుడి గీత మెల్లగా ఎక్కుతుంది, మధ్యలో భయమేసి ఇంకోసారి లేస్తుంది, చివర్లో గోడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. తంటా అంతా ఆ పడిపోవడంలోనే ఉంది. పెడల్ టక్కున వదలగానే ముందు టైర్ల మీదున్న బరువు వెనక్కి పోతుంది, ముందు పట్టు తగ్గుతుంది, కారు తిరగనని మొరాయిస్తుంది. డ్రైవర్ స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు, థ్రాటిల్ ఆలస్యమవుతుంది, ఆ నష్టం తర్వాతి స్ట్రెయిట్ చివరిదాకా సాగుతుంది.

‘ఇంకా లేటుగా బ్రేక్ వేయండి’ అని మాత్రమే చెప్పే కోచ్‌లు ఇక్కడే దొరికిపోతారు. లెక్క చూడండి. గంటకు 200 నుంచి 100 కిలోమీటర్లకు తగ్గే చోట బ్రేకింగ్ 5 మీటర్లు ఆలస్యం చేస్తే మిగిలేది 0.09 సెకను. అదే కార్నర్ 150 మీటర్ల పొడవుండి, అందులో 100కి బదులు 104తో వెళ్తే 0.2 సెకన్లు మిగులుతాయి. రెండోదే సులువు, ప్రమాదమూ తక్కువ. పెడల్ వదిలే తీరు నేర్పేవాళ్లకే డబ్బు కట్టండి.

కారులో పక్కన కూర్చుని లేదా రేడియోలో చెప్పే కోచింగ్‌కు టైమింగే ప్రాణం. గంటకు 144 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 40 మీటర్లు పోతుంది. కార్నర్ మధ్యలో చెప్పిన మాట తర్వాతి కార్నర్‌కు కూడా పనికిరాదు. మంచి కోచ్ స్ట్రెయిట్‌లోనే మాట ముగిస్తాడు, సెషన్‌కు ఒకే విషయం పట్టుకుంటాడు. పక్క సీటులో కూర్చునేటట్టయితే ఆయనకూ మీకున్నలాంటి సీటు, బెల్టులే ఉండాలి. ఆ అదనపు బరువుకు బ్రేకింగ్ దూరం కాస్త పెరుగుతుందని ముందే చెప్పాలి.

సెటప్, అంటే కారు సర్దుబాట్ల దగ్గర కోచ్ నిజాయితీ బయటపడుతుంది. ముక్కు చురుగ్గా, తోక వదులుగా ఉన్న కారు ప్రొ చేతిలో వేగంగా పోతుంది. అదే కారులో ఔత్సాహికుడు పది ల్యాపులకే బిగుసుకుపోతాడు. తన ల్యాప్‌లో సెకనులో రెండు పదో వంతులు వదులుకుని వెనక పట్టు పెంచే కో-డ్రైవరే మీకు కావాలి.

డ్రైవర్ మార్పిడి సాధన చేయించని ప్యాకేజీ అసంపూర్ణం. హెల్మెట్, గ్లోవ్స్, మెడను కాపాడే హాన్స్ పరికరం అన్నీ వేసుకునే చేయాలి. కారు ఆగాక కిటికీ నెట్ దించడం, స్టీరింగ్ తీయడం, రేడియో ప్లగ్, డ్రింక్ ట్యూబ్ ఊడదీయడం, బకిల్ విప్పడం, సీటు ఇన్సర్ట్‌తో (సీటులో ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు పెట్టుకునే మెత్త) సహా దిగడం. ఎక్కేవాళ్లు ముందు నడుము బెల్టు గట్టిగా లాగి ఆ తర్వాతే భుజాల బెల్టులు బిగించాలి. వరస తిరగబడితే నడుము బెల్టు కడుపు మీదికి ఎక్కుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు, ఇన్సర్ట్ కింద బెల్టు ఇరుక్కుపోవడం. ఎక్కే ముందే బెల్టులన్నీ పక్కలకు, పైకి తీసి పట్టుకునే మనిషి ఒకరుండాలి.

ఎవరికి వద్దు? ఒకే సెషన్‌లో ల్యాపులు రెండేసి సెకన్లు అటూఇటూ ఊగేవాళ్లకు ఇప్పుడే వద్దు. వాళ్లకు ట్రాక్ సమయం, ల్యాపుల వివరాలు నమోదు చేసే ఒక డేటా లాగర్ చాలు. 2020లో వచ్చిన గార్మిన్ కెటలిస్ట్ లాంటిది చెవిలో సూచనలు చెప్తుంది, మీ ల్యాపుల్లోని మంచి ముక్కలన్నీ కలిపి ఒక ఉత్తమ ల్యాప్ చూపిస్తుంది. పెడల్ మీద పాదం ఏం చేస్తోందో మాత్రం అది చూడలేదు. ల్యాపులు అర సెకనులోపు నిలకడగా వస్తూ అక్కడే ఆగిపోయినవాళ్లు కళ్లు మూసుకుని కోచ్‌ను పెట్టుకోవచ్చు.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. టెస్ట్ రోజున కోచ్ నడిపేది ఎన్ని ల్యాపులు, రేసులో ఎవరి స్టింట్ ఎంత, కోచ్ చేతిలో కారు దెబ్బతింటే ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వని భాగం ఎవరు భరించాలి, డేటా ఫైళ్లు అదే సాయంత్రం మీ చేతికొస్తాయా. టెస్ట్ రోజులో నాలుగు సెషన్లుంటే, ఒకదానిలో సగానికి మించి కోచే నడుపుతానంటే ఆ బేరం వదిలేయండి.