మా చిన్న హాలుకి 2.1 సౌండ్ బార్ చాలింది
మా హాలు పదడుగులకి పన్నెండు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపతను 5.1 సెట్, అంటే ఐదు స్పీకర్లు, ఒక వూఫర్ ఉన్నది, అంటగట్టబోయాడు. వెనక స్పీకర్లు పెట్టడానికి మాకు గోడేదీ, అటు వంటిల్లే! 2.1 సౌండ్ బార్ తెచ్చుకున్నా, అంటే కుడి ఎడమల సౌండ్‌కి టీవీ కింద పెట్టే ఒక పొడుగు బారు, బాస్ (దబ్‌దబ్‌మనే సౌండ్) కోసం విడిగా ఒక వూఫర్ డబ్బా.

బార్ వైరుని టీవీలో ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని బార్‌కి పంపేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే తగిలించాలి. నేను పక్కదానికి పెట్టి గంటసేపు తల పట్టుకున్నా. ఇప్పుడు టీవీ రిమోట్‌తోనే సౌండ్ తగ్గుతోంది. వార్తలొచ్చేటప్పుడు "ఏందిరా వాడనేది?" అని అమ్మ అడగడం లేదు.

పాటల దగ్గరే పేచీ. వూఫర్‌ని మూలన పెడితే బాలు గొంతు పక్కన ఎవరో డబ్బా కొడుతున్నట్టుంది. రెండడుగులు ఇవతలికి జరిపి, బాస్ తగ్గించాక మా నెల్లూరాయన గొంతు తేటగా వచ్చింది. బ్లూటూత్‌లో సినిమా మాత్రం మా ఇంట్లో కుదర్లేదు, పెదాలు ముందు, మాట వెనక.