హనుమకొండ నుంచి ఢిల్లీ దాకా: ఫైనాన్స్ డిగ్రీ కోసం చూసి వచ్చిన కళాశాలలు

మా మేనకోడలు హనుమకొండలో ఎం.ఇ.సి. (గణితం, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం) గ్రూపుతో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. డిగ్రీలో ఫైనాన్స్ చదవాలని ఆమె ముందే నిశ్చయించుకున్నందున ఏ కోర్సు అన్న చర్చ ఇంట్లో పెద్దగా జరగలేదు. ఎక్కడ అన్నదే తేలలేదు. పరీక్షలు కాగానే మా అక్క మమ్మల్నిద్దరినీ బయలుదేరదీసి, కళాశాలలతోపాటు దారి, వసతి, భోజనం కూడా చూసి రమ్మన్నది.

మొదట ఊళ్లోనే చూశాము. ఇక్కడి డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే రాష్ట్ర ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా ఇంటర్ మార్కులను బట్టి కేటాయిస్తున్నారు. కాకతీయ ప్రభుత్వ కళాశాల వంటి చోట బి.కాం.లో అకౌంటింగ్, ఆదాయపు పన్ను, వ్యాపార గణాంకాలు పద్ధతిగా వస్తాయి. ఒకవైపు డిగ్రీ చదువుతూ మరోవైపు సి.ఎ. (చార్టర్డ్ అకౌంటెన్సీ) రాయాలనుకునేవారికి ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే మార్గం నాకు కనిపించలేదు. పైగా కొత్త విధానంలో సి.ఎ. విద్యార్థులు ఆడిటర్ల దగ్గర చేయాల్సిన శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్ రెండేళ్లకు తగ్గింది. అయితే మా అమ్మాయి మనసు పద్దుల మీద కాక పెట్టుబడుల మీద ఉన్నది. షేరు విలువను ఎలా కడతారో, వడ్డీ రేటు పెరిగితే బాండు ధర ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలని ఆమె కోరిక. అందుకు సరిపడే పాఠాలు బి.కాం.లో ఉన్నా పలుచగా ఉన్నాయి.

హైదరాబాద్‌కు బస్సులో వెళ్లాము. హనుమకొండ నుంచి వెళ్లేవారు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కడమే మేలు. అమీర్‌పేటలో రైలు మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే 1887 నాటి నిజాం కళాశాల దగ్గరే. అక్కడి నుంచి ఆటోలో కాచిగూడ వెళ్లి, 1950లో మొదలైన బద్రుకా వాణిజ్య కళాశాలను కూడా చూశాము. రెండూ పాతకాలపు పేరున్నవే, నగరం నడిబొడ్డున ఉన్నవే. నగరంలో ఉన్నందువల్ల ఇంటర్న్‌షిప్‌లకు, సి.ఎ. సంస్థలకు దగ్గరగా ఉండవచ్చునన్నది నిజమైన లాభం. కానీ పాఠ్యాంశాల వరకు చూస్తే, బి.కాం.కు బి.కాం.కు మధ్య తేడా మేము ఊహించినంత లేదు. ఆ కొద్ది తేడా కోసం హాస్టల్ ఖర్చు నెత్తిన వేసుకోవాలా అని నాకు సందేహం కలిగింది. నారాయణగూడలో చూసిన ఆడపిల్లల హాస్టళ్లలో ఒకటి నచ్చింది. భోజనం వేళలు, గేటు మూసే వేళ గోడమీద రాసి పెట్టారు, వంటగదిని అడగకుండానే చూపించారు. అడిగినా చూపించని హాస్టల్‌లో పిల్లను ఉంచకూడదని నా అభిప్రాయం.

నగర శివారులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి కూడా వెళ్లాము. షేర్ల కొనుగోలు, అమ్మకాలు సాధన చేయడానికి వరుసగా కంప్యూటర్ తెరలున్న ట్రేడింగ్ ల్యాబ్‌ను అద్దాల బయటి నుంచి చూపించారు. బి.బి.ఎ. (వ్యాపార నిర్వహణ డిగ్రీ) విద్యార్థులకు ఆ గదిలో వారానికి ఎన్ని గంటలని అమ్మాయి అడిగితే, రెండో ఏడాది నుంచి ఉంటుందన్నారే తప్ప టైంటేబుల్ చూపలేదు. ఫీజుల కాగితం మాత్రం వెంటనే చేతికిచ్చారు. నిగనిగలాడే భవనాలకు నేను మార్కులు వేయలేదు.

కాజీపేటలో ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయం న్యూఢిల్లీ. స్టేషన్‌కు దగ్గరని ఎంచుకున్న లాడ్జి ఫొటోలో కిటికీ ఉన్నది, గదిలో లేదు. ఆడపిల్లతో వెళ్లేవారు ముందుగా డబ్బు కట్టకుండా గది చూసుకోవడం మంచిది. మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి, పెరుగుతో అన్నం తిన్నాక అలసట తీరింది. ఢిల్లీలో ఉండబోయే తెలుగు పిల్లలకు ఆ చిరునామా ముందే రాసి ఇవ్వాలి.

మేము ముఖ్యంగా చూడవచ్చినది రోహిణి సెక్టార్ 16లోని షహీద్ సుఖ్‌దేవ్ కాలేజ్ ఆఫ్ బిజినెస్ స్టడీస్. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ కళాశాల 1987లో మొదలైంది. ఇక్కడి బి.బి.ఎ. కోర్సు పేరులోనే ఆర్థిక పెట్టుబడుల విశ్లేషణ ఉన్నది. పోర్ట్‌ఫోలియో (పెట్టుబడుల సమూహం) నిర్వహణ, డెరివేటివ్‌లు (షేర్ల వంటి వాటి ధరపై ఆధారపడే ఒప్పందాలు), ఫైనాన్షియల్ మోడలింగ్ (కంపెనీ ఆర్థిక అంచనాలను లెక్కగట్టడం) వంటివి విడివిడి పేపర్లుగా ఉన్నాయి. చెట్టు కింద కూర్చున్న విద్యార్థులు ఒక కంపెనీ లెక్కల మీద వాదించుకుంటుంటే మా అమ్మాయి వెళ్లి వారితో కలిసిపోయింది, నేను క్యాంటీన్‌లో టీ తాగుతూ కూర్చున్నాను. ప్రభుత్వ నిధులతో నడిచే కళాశాల కావడంతో, ఫీజు మేము శివారులో విన్న అంకెలో చిన్న భాగమే. చిక్కు ప్రవేశంలో ఉన్నది: సి.యు.ఇ.టి. అనే జాతీయ ప్రవేశ పరీక్షలో భాష, గణితం, జనరల్ టెస్ట్ రాయాలి. ఎం.ఇ.సి. చదివినందువల్ల ఆమెకు ఈ దారి తెరిచి ఉన్నది. గణితం లేని సి.ఇ.సి. (పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం) పిల్లలకు ఈ కోర్సు అందదు. ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడే ఈ మాట పిల్లలకు చెప్పేవారు మన వైపు తక్కువ.

హాస్టల్‌లో చోటు అందరికీ దొరకదని తెలిసి చుట్టుపక్కల పీజీలు (డబ్బు కట్టి భోజనంతో ఉండే ఇళ్లు) చూశాము. శుభ్రత బాగున్నది, మెట్రో అందుబాటులో ఉన్నది, కానీ రెండు పూటలా రొట్టెలే. అన్నం వారానికి కొద్ది రోజులే. చలికాలపు పొగమంచు, కాలుష్యం సంగతి కూడా మా అక్కకు దాచకుండా చెప్పాను.

ఇందోర్ ఐ.ఐ.ఎం. అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలో ఇంటర్ తరువాత చేరే, 2011 నుంచి నడుస్తున్న ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సును లెక్కలోకి తీసుకున్నా, ఫీజు లక్షల్లో ఉండడంతో అక్కడికి వెళ్లలేదు.

మా వరుస ఇలా తేలింది: ఢిల్లీలో సీటు వస్తే ఢిల్లీ, రాకపోతే హనుమకొండలో బి.కాం., దానితోపాటు సి.ఎ. తొలి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష. హైదరాబాద్ మూడో స్థానంలోకి వెళ్లింది. ఇక మిగిలిన జాగ్రత్త ఒక్కటే. దోస్త్ సీట్ల కేటాయింపు ఢిల్లీ జాబితాలకంటే ముందే జరుగుతుంది కనుక, ఇక్కడ సీటు ఖాయం చేసుకుని అసలు సర్టిఫికెట్లు ఇచ్చేముందు, తరువాత మానుకుంటే వాటిని ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో, కట్టిన ఫీజు సంగతేమిటో కళాశాల కార్యాలయంలో స్పష్టంగా అడగాలని అక్కకు చెప్పి వచ్చాను.