పిట్స్‌బర్గ్ నిట్టనిలువు వీధుల్లో ఐదేళ్లు: 46/30 చైన్‌రింగులు, 11-34 క్యాసెట్

2020 వసంతంలో సైకిల్ గేర్లు మార్పించినప్పుడు నా కోరిక ఒక్కటే. పిట్స్‌బర్గ్‌లో బీచ్‌వ్యూ అనే పేటలో ఉన్న కాంటన్ అవెన్యూని కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. అప్పటికి ఆ వీధిలో నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ సగంలో ఆగిపోయాను. పాత గేర్లు ముందు 50/34, వెనక 11-28. అంటే ముందు పెడల్ దగ్గరున్న రెండు పళ్ల చక్రాలకి (చైన్‌రింగులు) 50, 34 పళ్లు, వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తిలో (క్యాసెట్) 11 నుంచి 28 పళ్ల దాకా. వాటిని తీసేసి ముందు 46/30, వెనక 11-34 వేయించాను. ఐదేళ్లు దాటింది. సుమారు పద్నాలుగు వేల కిలోమీటర్లు తొక్కాను. ఐదు చైన్లు, రెండు క్యాసెట్లు అరిగాయి. ఇంత వాడాక రాస్తే నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ వీధి సంగతి చెప్పాలి, లేకపోతే ఇంత చిన్న గేర్ ఎందుకో అర్థం కాదు. కాంటన్ అవెన్యూ వాలు 37 శాతం. అంటే వంద అడుగులు ముందుకు పోతే ముప్పై ఏడు అడుగులు పైకి లేస్తాం. అమెరికాలో ఇంతకన్నా నిటారు వీధి లేదంటారు. అంత వాలు ఉన్నది కొద్ది అడుగుల మేరే, ఎక్కుడంతా కలిపినా రెండు వందల అడుగుల పైచిలుకే. కానీ తారు లేదు. రాతి దిమ్మలు పరిచారు, వాటి సందుల్లో గడ్డీ నాచూ. నడిచేవాళ్ల కోసం పక్కన ఫుట్‌పాత్ బదులు మెట్లు కట్టారు. కింద వీధి నుంచి మలుపు తిరిగి ఎక్కాలి కాబట్టి వేగం పుంజుకుని వచ్చే వీలు కూడా లేదు.

ఇప్పుడు గేర్ లెక్క. పాత సైకిల్‌లో అన్నిటికన్నా తేలిక గేర్ 34/28, అంటే ముందు 34 పళ్లు, వెనక 28. పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ రెండున్నర మీటర్లు కదులుతుంది. కొత్తదానిలో 30/34, ఒక చుట్టుకి మీటరూ ఎనభై ఐదు సెంటీమీటర్లు. నేనూ సైకిలూ కలిపి ఎనభై కిలోలు. ఆ వాలులో నిమిషానికి నలభై చుట్లు తిప్పాలంటే పాత గేర్‌లో 460 వాట్ల దాకా కావాలి, కొత్తదానిలో 335 చాలు. 335 వాట్లు నేను కష్టపడితే ఒక నిమిషం ఆపకుండా లాగగలను. 460 అయితే ఇరవై సెకన్లకే తొడలు మొరాయిస్తాయి. నలభై చుట్లకన్నా నెమ్మదిగా తొక్కవచ్చు కదా అనుకుంటారేమో. అంత వాలులో నెమ్మదిస్తే పెడల్ పైనుంచి కిందికి వచ్చే ఆ అర క్షణంలోనే సైకిల్ నిలబడిపోతుంది. ఒకసారి నిలబడితే పక్కకి పడడమే.

ఆ లెక్క చూసుకునే గేర్లు కొన్నాను. లెక్క నిజమే, కానీ మొదటి ఏడాదంతా కాంటన్ మళ్లీ నన్ను దింపేసింది. ఎందుకో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈ రివ్యూలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా అదే.

2021 అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున. రాత్రి చినుకులు పడ్డాయి, రాళ్లు పైకి ఆరినట్టే ఉన్నాయి. 30/34లో పెట్టి ఎక్కడం మొదలుపెట్టాను. మూడో వంతు దాకా సాఫీగా వెళ్లింది. నిటారు భాగం మొదలవగానే సీటు మీంచి లేచి గట్టిగా తొక్కాను. వెనక చక్రం ఒక్కసారి గిర్రున తిరిగింది. రాయి మీద రబ్బరు జారిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సైకిల్ అంగుళం కూడా కదల్లేదు, పెడల్ మాత్రం కిందికి పోయింది, మోకాలు రాయికి కొట్టుకుంది. మా పక్క వీధిలో ఉండే గుంటూరు కుర్రాడు, ఇక్కడే చదువుకుంటున్నాడు, ఫోన్‌లో వీడియో తీస్తూ పైనుంచి "అన్నా, కాలు పెట్టొద్దు, పెట్టొద్దు!" అని అరుస్తున్నాడు. అప్పటికే కింద పడి ఉన్నాను.

ఆ వీడియో ఇంటికొచ్చి పది సార్లు చూశాను. కాళ్లలో శక్తి అయిపోయి ఆగలేదని అందులో స్పష్టంగా కనిపించింది. చక్రానికి పట్టు పోయింది, అంతే. చిన్న గేర్‌లో అదే బలంతో తొక్కితే వెనక చక్రానికి చేరే తోపు ఎక్కువ. పొడి తారు మీద అది వరం. తడి రాయి మీద ఆ తోపుకి రబ్బరు నిలవదు. పైగా సీటు మీంచి లేవగానే నా బరువు ముందుకి పోయి వెనక చక్రం తేలికైపోయింది. అలాగని వెనక్కి జరిగి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, అది కూడా చవిచూశాను.

అప్పటినుంచి నేను చేసేది ఇది. కాంటన్‌లో 34 పళ్ల మీదికి వెళ్లను, దాని ముందున్న 30లోనే ఉంటాను. కొంచెం బరువుగా, నిమిషానికి ముప్పై ఐదు చుట్లు. సీటు ముక్కు మీద కూర్చుని, మోచేతులు వంచి, ఛాతీ దాదాపు హ్యాండిల్‌కి ఆనేలా వంగుతాను. పెడల్‌ని పొడవకుండా చుట్టూ తిప్పినట్టు తొక్కుతాను. టైర్లు 25 మిల్లీమీటర్లవి తీసేసి 32వి వేశాను, గాలి కూడా బాగా తగ్గించాను. 2022 సెప్టెంబర్‌లో మొదటిసారి పైదాకా వెళ్లాను. యాభై ఆరు సెకన్లు. పైన ఒక పెద్దాయన తన ఇంటి ముందు ఆకులు ఊడుస్తూ ఆగి, చీపురు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. నాకు మాట రాలేదు, చేయి మాత్రం ఎత్తాను.

కాబట్టి ఈ గేర్ల మీద నా తీర్పు ఒక్క వీధిని బట్టి చెప్పడం కుదరదు. కాంటన్‌లో ఆ ఆఖరి 34 పళ్ల చక్రం నాకు పనికి రాలేదు. మిగతా ఊరంతటా అది లేకుండా బతకలేను.

ఈ ఊరి తీరు అలాంటిది. మూడు నదుల మధ్య కొండలు, కొండల మీద ఇళ్లు. నగరపాలక సంస్థ మెట్ల దారులే ఏడు వందల పైచిలుకు ఉన్నాయి. 1870లో, 1877లో కట్టిన కొండ రైళ్లు రెండు ఇప్పటికీ మౌంట్ వాషింగ్టన్ మీదికి జనాన్ని చేరవేస్తున్నాయి. ఇలాంటి ఊళ్లో సైకిళ్లవాళ్లకి కొండల మీదే ఆట పుట్టింది. 1983లో డానీ చ్యూ, ఆయన సోదరుడు టామ్, బాబ్ గాట్‌లీబ్ కలిసి 'డర్టీ డజన్' అనే సైకిల్ పోటీ మొదలుపెట్టారు. పేరు డజనే గానీ కొండలు పదమూడు. సుమారు యాభై మైళ్ల దారి. చాలా ఏళ్లు నవంబర్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం, ఎముకలు కొరికే చలిలో జరిగేది. నియమం చాలా తేలిక, పాటించడమే కష్టం: ఎక్కుతూ ఆగినా, కాలు కింద పెట్టినా మళ్లీ మొదటికి వచ్చి ఎక్కాలి. ప్రతి కొండ మీదా ముందు చేరిన పదిమందికి పాయింట్లు. మాలాంటి మిగతావాళ్లకి పదమూడూ పూర్తి చేయడమే పండగ. కాంటన్ పక్కన జనం నిలబడి అరుస్తారు, పడిపోతున్నవాళ్లని చేతులు చాపి పట్టుకుంటారు. ముక్కూమొహం తెలియని మనిషి నా భుజం పట్టుకుని నిలబెట్టిన క్షణం నేను మర్చిపోను.

డానీ చ్యూ అమెరికాని అడ్డంగా దాటే 'రేస్ అక్రాస్ అమెరికా'ని 1996లో, 1999లో గెలిచిన మనిషి. 2016లో సైకిల్ మీంచి పడి శరీరం కింది భాగం చచ్చుబడింది. ఆ తర్వాత చేతులతో తిప్పే సైకిల్ మీద మళ్లీ మైళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జీవితంలో పది లక్షల మైళ్లు పూర్తి చేయాలన్నది ఆయన పంతం. నా కాళ్లు నొప్పి పుట్టిన రోజున ఆయన గుర్తొస్తాడు.

డర్టీ డజన్ పదమూడు కొండల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రియాల్టో వీధి. ఒకప్పుడు పందులని ఈ దారినే తోలేవారు కాబట్టి 'పిగ్ హిల్' అనే పేరుంది. నది పక్కన హైవే దగ్గర మొదలై ట్రాయ్ హిల్ మీదికి తాడు లాగి కట్టినట్టు నేరుగా పోతుంది. సుమారు 24 శాతం. గట్టి రోడ్డే, పట్టు జారే భయం లేదు. అయితే దారి సన్నం, వెనక కార్లు ఆగి ఉంటాయి, మనకి టెన్షన్. ఇక్కడ 30/34 దేవుడిచ్చిన గేర్. కూర్చునే ఎక్కుతాను, ఊపిరి అదుపులో ఉంటుంది, కారు వెనక ఉన్నా వణకకుండా ఒకే గీతలో పోగలను. పాత గేర్లతో ఇదే వీధిలో అటూ ఇటూ ఊగుతూ ఎక్కేవాణ్ని, వెనకవాళ్లకీ భయం, నాకూ భయం.

పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే ఎక్కుడు వీటితో పోలిస్తే ఏమంత కాదు. అయినా ఆదివారం పొద్దున చెమటతో ఆ కొండ ఎక్కి, కాళ్లు కడుక్కుని, దర్శనం చేసుకుని, పులిహోర తిని దిగడం నాకు అలవాటైంది. తెల్లటి గోపురం కనబడగానే గేర్ ఒకటి పెంచుతాను. ఎందుకో చెప్పలేను, ప్రతిసారీ పెంచుతాను.

మోకాళ్ల సంగతి. పాత గేర్లతో కొండలకి వెళ్లిన మర్నాడు మోకాలి చిప్ప కింద సలుపు ఉండేది, ఆఫీసులో మెట్లు దిగుతుంటే తెలిసేది. కొత్త గేర్లు వేసిన రెండు నెలలకి అది పోయింది, మళ్లీ రాలేదు. నాకిప్పుడు నలభై ఆరు. ఈ ఒక్క కారణం చాలు నేను పెట్టిన డబ్బుకి.

లోపాలూ ఉన్నాయి. పెద్దది: ముందు 46 నుంచి 30కి మార్చేటప్పుడు పదహారు పళ్ల తేడా. ఎక్కుడు మొదలయ్యాక, కాళ్ల బరువు పెడల్ మీద ఉండగా మారిస్తే చైన్ లోపలికి పడిపోతుంది. నాకు మొదటి ఏడాదిలో ఏడెనిమిదిసార్లు పడింది, ఒకసారి ఫ్రేమ్ పెయింట్ గీసుకుపోయింది. చైన్ పడకుండా ఆపే చిన్న లోహపు ముక్క ఒకటి ఫ్రేమ్‌కి బిగిస్తారు, అది వేయించాక రెండుసార్లకి మించి పడలేదు. అయినా అలవాటు ముఖ్యం. కొండ కనబడగానే, ఇంకా చదును మీద ఉండగానే ముందు గేర్ దింపేయాలి.

రెండోది నా సైకిల్‌కి జరిగింది. గేర్లు బిగించిన షాపులో చైన్ రెండు లింకులు పొట్టిగా కోశారు. ముందు 46, వెనక 34 పడితే చైన్ బిగుసుకుపోయి, వెనక గేర్లు మార్చే లోహపు చేయి (డిరైలర్) విరిగేంత పనవుతుంది. అదృష్టం కొద్దీ ఇంటి దగ్గర స్టాండ్ మీద తిప్పి చూస్తుంటే కనిపెట్టాను. మీరు ఎవరి చేత వేయించినా, రోడ్డెక్కే ముందు ముందు పెద్ద చక్రాన్ని వెనక పెద్ద చక్రంతో కలిపి ఒకసారి నెమ్మదిగా తిప్పి చూడండి. మీ సైకిల్ వెనక డిరైలర్ ఎన్ని పళ్ల దాకా పడుతుందో కొనేముందే అడగండి. కొన్ని 28 దాటితే తీసుకోవు.

చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. రెండు రైడ్ల పాటు తుడవకపోతే చైన్ ఎర్రబడుతుంది. అందుకే ఐదు చైన్లు. చదునులో నది పక్క దారుల్లో 46/11 నాకు ఎప్పుడూ తక్కువ కాలేదు. గుంపుతో పోటీ పడి దౌడు తీసేవాళ్లకి పాత 50 గుర్తొస్తుందేమో.

దిగడం గురించి ఒక్క మాట. కాంటన్ నేను ఎప్పుడూ దిగను, వేరే దారిన వస్తాను. బీచ్‌వ్యూలో బ్రాడ్‌వే అవెన్యూ మీద ట్రామ్ పట్టాలుంటాయి, వాటిని అడ్డంగానే దాటాలి, ఏటవాలుగా వెళ్తే టైరు గాడిలో పడుతుంది.

ఎవరికి ఇవి అక్కర్లేదు? రెండేళ్ల క్రితం విశాఖ వెళ్లినప్పుడు స్నేహితుడి సైకిల్ మీద కైలాసగిరి ఎక్కాను. వాడిది 34/32. తారు రోడ్డు, మలుపుల దగ్గర కాస్త ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది, సముద్రపు గాలి. ఆ గేర్ చక్కగా సరిపోయింది. మన ఘాట్ రోడ్లకి 34/34 ఉంటే ధైర్యంగా వెళ్లవచ్చు, 30 దాకా పోనక్కర్లేదు. సామాను కట్టుకుని వెళ్లేవాళ్లు, తొంభై కిలోలు దాటినవాళ్లు, ఇప్పుడిప్పుడే కొండలు మొదలుపెట్టినవాళ్లు మాత్రం మొహమాటపడకుండా ఇంత చిన్న గేరే తీసుకోండి.

పోయిన నెల చూస్తే ముందు 30 పళ్ల రింగ్ పళ్లు అలల్లా ఒక పక్కకి వంగి ఉన్నాయి. మళ్లీ అదే సైజు తెప్పించాను, నిన్న సాయంత్రం బిగించాను. చైన్ కూడా కొత్తది. లింకులు లెక్కపెట్టాను. వాన పడకపోతే శనివారం పొద్దున ఏడింటికి రియాల్టో, అక్కణ్నుంచి కాంటన్. గుంటూరు కుర్రాడు ఈసారి వీడియో తీయడట, తను కూడా ఎక్కుతానంటున్నాడు. వాడి సైకిల్‌కి 11-28 ఉంది. నాలాగే 25 టైర్లు తీసేసి 32వి వేసుకోమని చెప్పాను, క్యాసెట్ సంగతి దారిలో మాట్లాడుకుంటాం.