కంప్రెషన్ టెస్టా, లీక్‌డౌన్ టెస్టా?

"టైమింగ్ బెల్ట్ మార్పించాక ఇంజన్ వణుకుతోంది. హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పకుండా లోపల ఏం పోయిందో తెలుసుకోవడమెలా?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఈమధ్య నా కారుకీ అదే గతి పట్టింది. రెండు టెస్టులూ చేసి చూశాను.

స్కానర్ పి0304 అనే కోడ్ చూపించింది. నాలుగో సిలిండర్లో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగ్గా మండకపోవడం) ఉందని మాత్రమే దానర్థం, ఎందుకో అది చెప్పదు. కాయిలూ ప్లగ్గూ పక్కదానితో మార్చి చూశాను. కోడ్ మాత్రం నాలుగును వదల్లేదు.

కంప్రెషన్ టెస్ట్ చవక, సులువు. పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలుగుతోందో గేజితో కొలవడమే ఇది. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలూ స్పార్కూ ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పడమే. నా కారులో మూడింటికి 170 పీఎస్ఐ దరిదాపుల్లో వచ్చింది, నాలుగోది 40 దాటలేదు. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ తిప్పినా ముల్లు కదల్లేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే, ఆయిల్ ఆ సందు మూసి అంకె పెరిగేది. ఇక మిగిలినవి వాల్వు, హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద గాలి పోకుండా మూసే పొర). ఈ రెండిట్లో ఏదో ఈ గేజి తేల్చలేదు.

లీక్‌డౌన్ అంటే ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్లోకి గాలి ఎక్కించి, అది ఎటు కారుతోందో చూడటం. దీనికి శ్రమ ఎక్కువ. కంప్రెసర్ కావాలి. కంప్రెషన్ స్ట్రోకు చివర పిస్టన్‌ని సరిగ్గా పైన నిలబెట్టాలి. కాస్త అటూ ఇటూ అయితే గాలి ఇంజన్‌ని తిప్పేస్తుంది, అప్పుడు క్రాంక్ బోల్టుకి స్పానర్ వదిలేసి ఉంటే చెయ్యి జాగ్రత్త. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే గాలి ఎటు పోతోందో చెవికే తెలుస్తుంది. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) దగ్గర చప్పుడు లేదు, అంటే ఇన్‌టేక్ వాల్వు కాదు. ఆయిల్ మూత దగ్గరా అంతే, అంటే రింగులు కావు. రేడియేటర్లో బుడగ రాలేదు, అంటే గ్యాస్కెట్ కాదు. సైలెన్సర్ చివర మాత్రం బుస్సుమంటోంది, అరచెయ్యి అడ్డం పెడితే గాలి తగిలింది. అంటే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు. "గ్యాస్కెట్ అయ్యుంటుంది సార్" అని మెకానిక్ అంటుంటే అతని చెయ్యి కూడా అక్కడే పెట్టించాను.

నాలుగోదే ఎందుకంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఒకటి, నాలుగు పిస్టన్లు కలిసే పైకొస్తాయి. అవి పైన ఉండగా, బెల్టు లేనప్పుడు క్యామ్‌ని (వాల్వులు తెరిచే కడ్డీని) తిప్పితే, వాల్వులు పిస్టన్ దాకా దిగే ఇలాంటి ఇంజన్లలో వాల్వు వెళ్లి పిస్టన్‌కి కొట్టుకుంటుంది.

ఒక్క విషయంలో కంప్రెషన్ టెస్టే మేలు: అన్ని సిలిండర్లూ ఒకేలా తక్కువ చూపిస్తే బెల్టు పన్ను తప్పిందేమో అని అనుమానించాలి. అందుకే ఏ టెస్టుకైనా ముందు టైమింగ్ మార్కులు (బెల్టు సరిగ్గా కూర్చుందో చూపే గీతలు) చూసుకోండి. అవి తప్పితే లీక్‌డౌన్ కూడా అబద్ధం చెప్పొచ్చు.

ప్లగ్గు రంధ్రంలోంచి పెట్టే కెమెరా సరదాగానే ఉంటుంది. పిస్టన్ మీద నెలవంక గాటు కనిపించింది గానీ, వాల్వు వంపు దాన్లో తేలలేదు.

చివరికి హెడ్ దింపారు. ఆ వాల్వుని అద్దం పలక మీద దొర్లించి చూశాను, దాని తల తూగుతూ తిరిగింది.